కొలవని చోట గీసిన గీత

సియాటిల్ పక్కన మా బాతెల్ చర్చిలో ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర ఎవరో ఒకరు కొత్త పిల్లల్ని తీసుకొచ్చి నాకు పరిచయం చేస్తుంటారు. "అంకుల్ అలాస్కాలో చేశారమ్మా, ఆర్కిటిక్ సముద్రాల మ్యాపులు గీశారు" అంటారు. ఆ పిల్లలు వెంటనే తెల్ల ఎలుగుబంటిని చూశారా అంకుల్, నార్తర్న్ లైట్స్ చూశారా అంకుల్ అని మొదలుపెడతారు. చూశాను. వాటి కోసమైతే టూరిస్టుగా వారం రోజులు వెళ్ళొస్తే చాలు. ముప్పై ఏళ్ళు ఉద్యోగం చెయ్యక్కర్లేదు.

ఈమధ్య న్యూజెర్సీ పిస్కాటవే నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఎం.ఎస్. అయిపోయింది, ఓపీటీ మీద, అంటే చదువయ్యాక పని చేసుకోనిచ్చే పర్మిట్ మీద, ఒక మ్యాపింగ్ కంపెనీలో జాయిన్ అవుతోంది. "అంకుల్, ఈ ఫీల్డ్‌లో నిలబడాలంటే ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. నాలుగు సాఫ్ట్‌వేర్‌ల పేర్లు చెప్పి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక నా మీద నాకే రోత పుట్టింది. చెప్పాల్సింది ఒకటి, చెప్పింది ఇంకొకటి. ఆ అలవాటు నాకు పాతదే. అందుకే ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయికీ, ఆమెలాంటి మిగతావాళ్ళకీ.

నదుల పేర్లు, ఊరి పేరు, నేను చేసిన కంపెనీ పేరు రాయను. మనుషుల్ని కూడా ఇంటిపేర్లు లేకుండానే చెప్తాను.

నేను చేసిన పని

నీళ్ళ అడుగు ఎంత లోతుందో కొలిచి కాగితం మీద పెట్టడం. అంతే. అలాస్కా ఉత్తరపు అంచున నదులు సముద్రంలో కలిసే చోట్ల ఎండాకాలం పడవేసుకుని తిరిగేవాళ్ళం. ఎండాకాలం అంటే జూలై, ఆగస్టు. పొగమంచు పట్టిందంటే విమానం రాదు. విమానం రాకపోతే గుడారంలో కూర్చుని దోమలతో కుస్తీ. పది రోజుల పనికి ఐదు రోజులు కూడా దొరికేవి కావు.

నేను దివిసీమవాణ్ణి. కృష్ణ సముద్రంలో ఎలా కలుస్తుందో చూస్తూ పెరిగాను కాబట్టి నదీముఖాలు నాకు తెలుసనుకున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి వసంతంలోనే ఆ గర్వం పోయింది.

మన నదికి వరదొస్తే నీళ్ళు సముద్రంలోకి పోతాయి. అలాస్కాలో పోవడానికి సముద్రం ఖాళీగా ఉండదు. నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. పైన దక్షిణాన ముందే ఎండ తగిలి కరుగుతుంది, కింద నదీముఖం, సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంటాయి. లీనా, మెకెంజీ లాంటి మహానదులదీ అదే కథ. వచ్చిన వరద ఐస్ కిందకి దూరలేక దాని మీదికెక్కి మైళ్ళ కొద్దీ పరుచుకుంటుంది. ఎక్కడ పగులు దొరికితే అక్కడ, సీల్ జంతువులు ఊపిరి పీల్చుకునే కన్నం దొరికితే ఆ కన్నంలోంచి, సుడులు తిరుగుతూ కిందకి దూకుతుంది. ఆ దూకుడుకి సముద్రపు అడుగు గుంటలు పడిపోతుంది. డెల్టాలో పాత పాయలు పూడిపోతాయి, కొత్తవి తెగుతాయి. పోయిన ఏడు మోకాలి లోతున్న చోట ఈ ఏడు మనిషి మునుగుతాడు.

కాబట్టి ఆ తీరంలో మ్యాప్ అంటే పాలప్యాకెట్ లాంటిది. దాని మీద తేదీ చూడకుండా వాడకూడదు.

హెలెన్

నా మొదటి బాస్ హెలెన్. అరవై దగ్గరపడిన మనిషి, గొంతు పెద్దది, ఎవర్నీ మెచ్చుకునేది కాదు. నేను గీసిన మొదటి మ్యాప్ ఆమె బల్ల మీద పెట్టినప్పుడు రెండు కొలతల మధ్య నేను కలిపిన గీత మీద వేలు పెట్టింది.

"ఇక్కడ కొలిచావా?"

"లేదు. కానీ అటూ ఇటూ ఒకే లోతుంది, మధ్యలో కూడా అంతే ఉంటుంది కదా."

"ఉంటుంది అని నేను అడగలేదు. కొలిచావా?"

"లేదు."

"అయితే చుక్కల గీత పెట్టు. నీకు తెలియదని చెప్పడానికి సిగ్గుపడితే ఈ పనిలో మనుషులు చస్తారు."

కొలిచిన చోట నిండు గీత, కొలవని చోట చుక్కల గీత, ప్రతి ముక్కకీ సర్వే చేసిన తేదీ. ఆమె నేర్పింది అంతే. నాలుగేళ్ళు ఆ మూడు ముక్కలే రోజూ చెప్పి విసిగించింది. తర్వాత కంపెనీ చేతులు మారింది, ఆమెని పంపించేశారు. కార్డ్‌బోర్డ్ పెట్టెలో సామాన్లు పెట్టుకుని వెళ్ళిపోతుంటే మేమంతా కంప్యూటర్లలోకి తల దూర్చుకుని కూర్చున్నాం. నేను కూడా.

గ్రెగ్

హెలెన్ కుర్చీలోకి గ్రెగ్ వచ్చాడు. మంచి బాస్ అని అందరూ అనేవారు. మా అమ్మాయి పుట్టినరోజు గుర్తుపెట్టుకుని కేక్ పంపేవాడు. నన్ను రాజ్ అనేవాడు. నా పేరు రాజారత్నం. అరవడు, తిట్టడు. మీకో మాట చెప్తాను, నమ్మండి: అరిచే బాస్ దగ్గర తప్పు చెయ్యడం కష్టం. నవ్వే బాస్ దగ్గర తప్పు మీ చేత్తోనే జరిగిపోతుంది, ఎవరూ చెప్పినట్టే ఉండదు.

అప్పటికి నేను హెచ్-1బీ మీద ఉన్నాను. కంపెనీ గ్రీన్ కార్డ్ ఫైల్ చేసింది. అది ఎన్నేళ్ళ నిరీక్షణో మీకు చెప్పక్కర్లేదు, మీలో చాలామంది ఇప్పుడు ఆ లైన్లోనే ఉన్నారు.

ఐజాక్

ఆ డెల్టాలో మాకు గైడ్ ఐజాక్. ఇనూపియాట్ మనిషి. ఆ తీరంలో ఎన్ని తరాలుగా ఉన్నారో లెక్కలేని జనం వాళ్ళు. తిమింగలాల వేటకి వెళ్ళేవాడు, ఊరి చర్చిలో పెద్ద. పడవ నడుపుతూ వాళ్ళ భాషలో కీర్తనలు పాడేవాడు. రాగం నాకు తెలిసిందే అయితే నేను తెలుగులో అందుకునేవాణ్ణి. నా పేరు పూర్తిగా పలికినవాడు ఆ ఆఫీసుకి సంబంధించిన వాళ్ళలో అతనొక్కడే.

ఆ ఏడు మా పని, చలికాలంలో వేసే ఐస్ రోడ్డుకి దారి చూపించే మ్యాప్ తయారు చెయ్యడం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. డెల్టాలో మోకాలి లోతు నీళ్ళున్న చోట డిసెంబరు కల్లా ఐస్ నేల దాకా గడ్డకట్టేస్తుంది. దాని మీద ఏ బండి నడిపినా నేల మీద నడిపినట్టే. లోతైన పాయ ఉన్న చోట మాత్రం ఐస్ నీళ్ళ మీద తేలుతుంది, కింద ప్రవాహం ఉంటుంది. పైన స్నో దుప్పటిలా పడితే ఆ ఐస్ మందం కూడా పెరగదు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా తెల్లగా ఉంటాయి. రోడ్డు తెరవడానికి మొదట వెళ్ళే మెషీన్ నడిపేవాడికి మా మ్యాపే కళ్ళు. చుక్కల గీత ఉన్న చోట అడుగడుగునా డ్రిల్ చేసి చూసుకుని వెళ్ళాలి. నిండు గీత ఉన్న చోట అక్కర్లేదు.

ఆగస్టు ఆఖర్న తూర్పు వైపు ముక్క ఒకటి మిగిలింది. గాలి లేచింది. ఐజాక్ పడవ ఆపి చెయ్యి చూపించాడు.

"రాజారత్నం, అటు నీళ్ళ రంగు చూడు. ఈ వసంతంలో నది అటు జరిగింది. అక్కడ ఇప్పుడు పాయ ఉంది. లోతైనది."

"వెళ్ళి కొలుద్దామా?"

"ఈ గాలిలోనా? రేపు. లేకపోతే ఎల్లుండి."

ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టుగా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నేను రాస్తుంటే అతను చూశాడు. మర్నాడు గాలి తగ్గలేదు. ఆ మర్నాడు ఆఫీసు నుంచి విమానం వచ్చేసింది, సీజన్ అయిపోయింది ఎక్కండి అన్నారు.

చేసిన తప్పు

ఆఫీసుకొచ్చి ఆ ముక్కకి రెండేళ్ళ కిందటి సర్వే వాడి, చుక్కల గీత పెట్టాను. పక్కన "పాత సర్వే, కొత్త పాయ ఉందని గైడ్ చెప్పాడు, తనిఖీ చెయ్యాలి" అని రాశాను. గ్రెగ్ నన్ను తన గదిలోకి పిలిచాడు.

"రాజ్, ఈ చుక్కలు క్లయింట్‌కి నచ్చవు. మనం పని పూర్తి చెయ్యలేదన్నట్టు ఉంటుంది."

"పూర్తి చెయ్యలేదు కదా. ఒక్క వారం ఇస్తే హెలికాప్టర్‌లో వెళ్ళి చూసొస్తాను."

"వారం లేదు. రెండేళ్ళ కిందట నువ్వే కొలిచావు కదా. నీ కొలత మీద నీకే నమ్మకం లేదా?" నవ్వాడు. తర్వాత అదే నవ్వుతో, "ఇంతకీ నీ గ్రీన్ కార్డ్ ఎక్కడిదాకా వచ్చింది? లాయర్ ఏదో సంతకం కావాలన్నాడు. నా టేబుల్ మీదే ఉంది, చూస్తాను" అన్నాడు.

అది బెదిరింపని ఏ కోర్టులోనూ నిరూపించలేరు. నిజంగా బెదిరింపేనా అని నేనూ చాలా ఏళ్ళు వాదించుకున్నాను. కానీ ఆ గదిలోంచి బయటికొచ్చి నా సీట్లో కూర్చుని ఆ చుక్కల్ని నిండు గీతగా మార్చింది గ్రెగ్ కాదు. నేను. పక్కన రాసినదాన్ని కూడా తీసేశాను. మొత్తం షీట్‌కి ఒకే తేదీ వేశాను, ఆ ఏడాది ఆగస్టుది. షీట్ మూలన ఎప్పట్లాగే సర్వే టీమ్ పేర్లు పడ్డాయి. అందులో గైడ్‌గా ఐజాక్ పేరు కూడా ఉంది.

డిసెంబరులో పగలు పదకొండింటికి, సూర్యుడు రాని ఆ కాలపు మసక వెలుతురులో, రోడ్డు తెరిచే మెషీన్ ఆ పాయలో మునిగిపోయింది. నడుపుతున్నవాడి పేరు డేనియల్. ఐజాక్‌కి మేనల్లుడు, చెల్లెలి కొడుకు. వేరే ఊళ్ళో ఉండేవాడు. వెనక బండిలో వస్తున్న మనిషి తర్వాత చెప్పాడు: ఇక్కడ డ్రిల్ చేద్దామా అని తను అడిగితే, డేనియల్ షీట్ మూల చూపించి, "మా మామయ్య పేరుంది చూడు. ఆయన చూశాడంటే ఇంక చూడక్కర్లేదు" అన్నాడట.

ఐజాక్ ఆ నెలంతా మోకాలి ఆపరేషన్‌కి ఆంకరేజ్ ఆస్పత్రిలో ఉన్నాడు. ఉండుంటే మేనల్లుణ్ణి ఆ దారిన వెళ్ళనిచ్చేవాడు కాదు.

అడిగినదానికి జవాబు

విచారణ ఒక హోటల్ కాన్ఫరెన్స్ రూమ్‌లో జరిగింది. నన్ను అడిగింది మూడే ప్రశ్నలు.

"ఈ షీట్ మీరు తయారు చేసిందేనా?"

"అవును."

"దీని మీదున్న తేదీ సర్వే తేదీయేనా?"

"సర్వే ఆగస్టులో చేశాం."

"ఆ భాగంలో పాయ ఉన్నట్టు మీ సర్వేలో కనబడిందా?"

"మా కొలతల్లో లేదు."

మూడు జవాబుల్లోనూ ఒక్క అబద్ధం లేదు. అబద్ధం చెప్పకుండా మోసం చెయ్యడం ఎలాగో ఆ రోజు నాకు అంత బాగా వచ్చేసింది. మెషీన్ నడిపినవాడు గుర్తులు పెట్టిన దారి తప్పి పక్కకి వెళ్ళి ఉండొచ్చు అని రిపోర్టు రాశారు. అంటే చచ్చిపోయినవాడిదే తప్పు.

బయట కారిడార్‌లో ఐజాక్ చేతికర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను కోటు బొత్తాలు పెట్టుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోబోయాను.

"రాజారత్నం, నువ్వు పుస్తకంలో రాసుకున్నావు. నేను చూశాను."

"పాత పుస్తకాలన్నీ ఆఫీసులో ఉన్నాయి. వెతకాలి" అన్నాను.

ఆ పుస్తకం అప్పుడు నా భుజానున్న సంచీలోనే ఉంది. నేను లిఫ్ట్ ఎక్కాను.

ఇంటికొచ్చాక సుశీల, నా భార్య, అడిగింది. "ఏమన్నారండీ అక్కడ?"

"అడిగినదానికి జవాబు చెప్పాను."

"అడగనిదానికి?"

లోపలికెళ్ళి కోటు తగిలించాను. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. మా ఇంట్లో ఆ రోజు నుంచి కొన్ని మాటలు తగ్గిపోయాయి. అవి మళ్ళీ రాలేదు.

వచ్చాక చెప్తాను

గ్రీన్ కార్డ్ వచ్చాక చెప్తాను అనుకున్నాను. ఇది నేను కల్పించుకున్న సాకు కాదు, నిజంగానే అనుకున్నాను. వచ్చింది. అప్పటికి గ్రెగ్‌తో సహా మమ్మల్ని సియాటిల్ వైపు ఆఫీసుకి మార్చారు. బాతెల్ చర్చిలో ఆ ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాను. మనకి తెలుసు కదా, ఉద్యోగం వచ్చినా, వీసా వచ్చినా లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకుంటాం. అందరూ స్తోత్రం అన్నారు. సుశీల తల వంచుకుని కూర్చుంది. నోరు విప్పాల్సిన చోట సాక్ష్యం చెప్పకుండా వచ్చినవాణ్ణి, ఇక్కడ మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాను.

తర్వాత సిటిజన్‌షిప్ వచ్చాక అనుకున్నాను. తర్వాత అమ్మాయి కాలేజీ అయ్యాక. తర్వాత రిటైరయ్యాక. భయానికి ఒక కారణం తీరిపోతే ఇంకో కారణం కాచుకుని ఉంటుంది. మీరు ఇప్పుడు వీసా మీద ఉన్నారు కాబట్టి భయపడుతున్నారనుకుంటారు. కాదు. వీసా ఆ భయాన్ని మొదలుపెడుతుంది, అంతే. తర్వాత అది మన సొంతమైపోతుంది. నాకు సిటిజన్‌షిప్ వచ్చి పదేళ్ళు దాటాక కూడా గ్రెగ్ గదిలోకి రమ్మంటే కాఫీ సగంలో వదిలేసి లేచేవాణ్ణి.

మధ్యలో ఒకసారి, ఆ తీరానికి పనిమీద వెళ్ళొచ్చిన కుర్ర సర్వేయర్ ఒకతను లంచ్‌లో మాటల్లో అన్నాడు. ఆ ఊళ్ళో ఐజాక్ అనే ముసలాయన ఉన్నాడట, ఒకప్పుడు మంచి గైడట. ఇప్పుడు ఐస్ మీదికి వెళ్ళే వాళ్ళెవరూ ఆయన్ని దారి అడగరట. సొంత మేనల్లుడికే తప్పు దారి చూపించాడని. చెల్లెలు కూడా మాట మానేసిందట. అది చెప్పి అతను శాండ్‌విచ్ తినడం కొనసాగించాడు. నేనూ తిన్నాను.

అప్పటిదాకా నేను ఒక చచ్చిపోయిన మనిషి గురించే దాస్తున్నాననుకున్నాను. బతికున్న మనిషిని కూడా రోజూ కొంచెం కొంచెంగా ముంచుతున్నానని ఆ మధ్యాహ్నం తెలిసింది. తెలిశాక కూడా ఇంకో ఆరేళ్ళు ఊరుకున్నాను.

ఊరి హాల్లో

సుశీల చనిపోయిన ఏడాదికి రిటైరయ్యాను. విచారణ చేసిన ఆఫీసుకి ఉన్నదంతా రాసి, నోట్‌బుక్ పేజీ కాపీ పెట్టి పంపాను. కేసు ఎప్పుడో మూసేశాం, మీ ఉత్తరం ఫైలుకి జతచేస్తాం అని రెండు లైన్ల జవాబు వచ్చింది. గ్రెగ్‌కి ఫోన్ చేశాను. అతనూ రిటైరయ్యాడు. "రాజ్, ఇప్పుడు ఇదంతా ఎవరికి ఉపయోగం? నీ ఆరోగ్యం చూసుకో" అన్నాడు, ఎప్పట్లాగే చాలా ఆప్యాయంగా.

ఆ తర్వాత ఐజాక్ ఊరికి టికెట్ బుక్ చేశాను. ముందుగా ఊరి చర్చికి ఫోన్ చేసి, అందరి ముందూ మాట్లాడాలి, ఐజాక్ చెల్లెలు కూడా ఉండాలి అని అడిగాను. ఎందుకని అడిగారు. చెప్పాను. శనివారం మధ్యాహ్నం రమ్మన్నారు.

హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. పిల్లలు కూడా. ఒక పక్క పెద్ద గిన్నెలో చేపల సూప్ ఉంది. ఐజాక్ ముందు వరసలో కూర్చున్నాడు, ఎనభై దాటాయి, ఒక కన్ను తెల్లబడింది. చెల్లెలు నాలుగు వరసల వెనక, తలుపు దగ్గర.

చెప్పాను. ఆగస్టులో పడవలో ఐజాక్ ఏమన్నాడో, నేనేం రాసుకున్నానో, ఆఫీసులో ఏం మార్చానో, విచారణలో ఏం చెప్పకుండా వచ్చానో. ఐజాక్ ఎవరికీ తప్పు దారి చూపలేదని, సరైన దారి చెప్తే నేను చెరిపేశానని చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగే హక్కు ఉందనిపించలేదు.

కాసేపటికి వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. చెల్లెలు లేచింది. బయటికి వెళ్ళిపోతుందనుకున్నాను. నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి ఐజాక్ పక్కనున్న కుర్చీలో కూర్చుంది. అన్న వైపు చూడలేదు. అతనూ చూడలేదు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

అప్పుడు ఐజాక్ అడిగాడు. "ఆ రోజు నిజం చెప్తే నీకేం పోయేది?"

"నా గ్రీన్ కార్డ్."

"అంటే ఏంటి?"

అతనికి తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. తెలియజెప్పాల్సి వచ్చింది. "ఒక కాగితం. మా లాంటివాళ్ళం ఇక్కడ ఉండడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి."

"ఇక్కడ అంటే?"

"ఈ దేశంలో. ఈ నేల మీద."

ఐజాక్ చెల్లెలి వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు, నేనన్నదాన్నే ఆమెకి అర్థమయ్యేలా చెప్తున్నట్టుంది. ఆమె విని, నాతో ఇంగ్లీషులో అంది.

"మమ్మల్ని అడిగుంటే ఉండమనేవాళ్ళం."

అని లేచి, అన్న కోసం సూప్ పొయ్యడానికి వెళ్ళింది.